గోడ మీద ఎర్ర గీత నోటీసు కాదు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో ఒక మున్సిపాలిటీ. పాత బజార్లో అద్దె మడిగెలో పదిహేడేళ్లుగా గాజులు, ఫ్యాన్సీ సామాను అమ్ముతున్నాను. బజారు అభివృద్ధికి నిధులొచ్చాయని, రోడ్డు వెడల్పు చేసి కొత్త మోరీలు, ఫుట్‌పాత్, సెంట్రల్ లైటింగ్ పెడతామని చెబుతున్నారు. పోయిన నెల వచ్చి షట్టర్ పక్కన గోడ మీద ఎర్ర పెయింట్‌తో గీత గీసి, 10 అని రాసి పోయారు. పది అడుగులు పోతుందట. మా మడిగె లోతే పద్నాలుగు అడుగులు. మా ఓనర్ సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేశాడు. నన్ను పదిహేను రోజుల్లో ఖాళీ చేయమని నోటిమాటగా చెప్పి, నన్ను కూడా ఒక కాగితం మీద సంతకం అడుగుతున్నారు. మా అత్తమ్మ అదే బజార్లో రోడ్డు పక్కన ముప్ఫై ఏళ్లుగా పూలు అమ్ముతుంది. ఆమెను ఊరి చివర కట్టిన కొత్త మార్కెట్‌కు పొమ్మంటున్నారు. రోడ్డు వద్దని నేను అనడం లేదు. కానీ అద్దెకున్నవాళ్లకు, రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్లకు చట్టంలో ఏమైనా ఉందా?
– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: ఉందమ్మా. కాకపోతే అడిగినవాళ్లకే, అదీ కాగితం మీద అడిగినవాళ్లకే అందుతుంది. ముందుగా ఆ సంతకం సంగతి. ఇప్పుడే పెట్టకండి. కాగితం జిరాక్స్ తీసుకుని ఇంటికి తెచ్చుకుని చదవండి. ఇలాంటి పత్రాల్లో సాధారణంగా రెండు మాటలు ఉంటాయి. ఒకటి, ‘స్వచ్ఛందంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా’ అని. రెండోది, ‘భవిష్యత్తులో ఎలాంటి పరిహారం కోరను’ అని. ఆ రెండో మాట కింద మీ సంతకం పడితే రేపు ఏ కోర్టుకు వెళ్లినా మొదట ఆ కాగితాన్నే జడ్జిగారి ముందు పెడతారు. ‘నాకు తెలియక పెట్టాను’ అనే వాదన నిలబెట్టడం చాలా కష్టం.

ఇక ఎర్ర గీత. అది కొలత కోసం పెట్టుకున్న గుర్తు. చట్టం దృష్టిలో నోటీసు కాదు. నోటిమాటగా చెప్పిన గడువుకూ విలువ లేదు. ఆస్తి హక్కు ఇప్పుడు ప్రాథమిక హక్కు కాకపోయినా, రాజ్యాంగంలోని 300ఏ అధికరణం ప్రకారం చట్టబద్ధమైన పద్ధతిలో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. 2024 మే నెలలో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా విడమరిచి చెప్పింది. ముందు నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలతో నిర్ణయం చెప్పాలి, అది ప్రజాప్రయోజనం కోసమేనని చూపాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, పనిని సక్రమంగా, సకాలంలో ముగించాలి అని.

కానీ ఇదంతా ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉంది. గీత లోపలున్న ఆ పది అడుగులు ఎవరివి? నల్లగొండ ప్రకాశం బజారైనా, మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తా అయినా, పాత బజార్లలో దుకాణాలు ఏళ్ల తరబడి ముందుకు జరుగుతూ వచ్చాయి. మోరీ మీద బండలు పరిచారు, బండల మీద మెట్లు కట్టారు, మెట్ల మీద రేకులు దించారు. అలా రోడ్డులోకి వచ్చిన భాగానికి పరిహారం రాదు. కూల్చివేతలకు ముందు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు కూడా రోడ్డు, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు వర్తించవని అదే తీర్పులో ఉంది. కాబట్టి మీ ఓనర్ దగ్గరున్న రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఎన్ని గజాలు రాశారో, రోడ్డు వైపు హద్దు ఏమని ఉందో చూడండి. ఆ కొలత షట్టర్ దాకా వస్తే మీ కేసు గట్టిది. పదిలో నాలుగు అడుగులు మోరీ మీదివైతే, మిగతా ఆరు అడుగుల గురించే మాట్లాడాలి. ఈ తేడా తెలియకుండా కోర్టుకు వెళ్లినవాళ్లు ఉన్న హక్కు కూడా వినిపించుకోలేక తిరిగొస్తారు.

స్థలం పట్టా భూమే అనుకుందాం. అప్పుడు దాన్ని తీసుకోవడానికి ప్రభుత్వానికి ప్రధానంగా రెండు దారులు. ఒకటి 2013 భూసేకరణ చట్టం. రెండోది, ఓనర్ ఒప్పుకుని ఇవ్వడం. ఒప్పుకుని ఇచ్చినవాళ్లకు డబ్బు బదులు టీడీఆర్ పత్రమో (వదిలిన స్థలానికి బదులుగా వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం, దాన్ని ఇతరులకు అమ్ముకోవచ్చు), అదనపు అంతస్తుకు అనుమతో, ఇల్లు కట్టేటప్పుడు వదలాల్సిన ఖాళీ స్థలంలో సడలింపో ఇచ్చే వీలు 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లోనే ఉంది. మీ ఓనర్ ఈ రెండో దారిలో ఉన్నట్టున్నాడు. ఆయనకు పైన ఇంకో అంతస్తు వస్తుంది. కింద గాజులు అమ్మే మనిషికి ఏమొస్తుందో ఆ పత్రంలో ఎక్కడా ఉండదు. మీ సమస్య అంతా ఇక్కడే ఉంది.

భూసేకరణ చట్టం దారిలో వెళ్తే అద్దెదారుకు చోటుంది. ఆ చట్టంలో ‘ఆసక్తి ఉన్న వ్యక్తి’ అంటే భూమి యజమాని ఒక్కడే కాదు. ఆ స్థలం పోతే ఎవరి జీవనాధారం దెబ్బతింటుందో వాళ్లూ అందులోకి వస్తారు. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడి సంపాదన మీదే బతుకుతున్న కుటుంబం ‘బాధిత కుటుంబం’ అవుతుంది. మీవి పదిహేడేళ్లు. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అరవై రోజుల్లోపు మీరే నేరుగా కలెక్టర్‌కు అభ్యంతరం రాయవచ్చు. ఓనర్ సంతకం అక్కర్లేదు. వ్యాపారం వేరే చోటికి మార్చుకోవడానికి అయ్యే న్యాయమైన ఖర్చును కూడా పరిహారంలో లెక్కగట్టాలని 28వ సెక్షన్ చెబుతోంది. ఇష్టం లేకుండా కదలాల్సివచ్చిన చిన్న వ్యాపారి కుటుంబానికి కనీసం 25,000 రూపాయల సాయం రెండో షెడ్యూల్‌లో ఉంది. ఇవాళ కొత్త మడిగె అడ్వాన్స్‌కు కూడా ఆ డబ్బు చాలదని నాకు తెలుసు. అది కనీస మొత్తం మాత్రమే, ప్రభుత్వం అంతకు ఎక్కువ ఇవ్వవచ్చు. అవార్డులో, అంటే పరిహారం తేలుస్తూ కలెక్టర్ ఇచ్చే ఉత్తర్వులో, మీ పేరు లేకపోయినా, లెక్క తక్కువ కట్టినా ఆరు వారాల్లోపు ఆ వివాదాన్ని భూసేకరణ వివాదాలు తేల్చే అథారిటీకి పంపమని 64వ సెక్షన్ కింద కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టాలి. ఆ ఆరు వారాలు దాటనివ్వకండి.

మీ ఓనర్‌కు కూడా ఒక మాట చెప్పండి. పద్నాలుగులో పది అడుగులు పోతే మిగిలిన నాలుగు అడుగుల్లో ఏ వ్యాపారమూ సాగదు. భవనంలో కొంత భాగమే తీసుకుంటామన్నప్పుడు, మొత్తం తీసుకోమని అడిగే హక్కు 94వ సెక్షన్ కింద యజమానికి ఉంది. పట్టణ స్థలానికి మార్కెట్ విలువ మీద అంతే మొత్తం సొలేషియం (ఇష్టం లేకున్నా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే డబ్బు) కలుస్తుంది. టీడీఆర్ పత్రానికి హైదరాబాద్‌లో ఉన్నంత గిరాకీ మన జిల్లా పట్టణాల్లో లేదు. ఈ లెక్క ఆయనకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.

ఓనర్ సమ్మతి అలాగే నిలబడితే? అవార్డు ఉండదు కాబట్టి పైన చెప్పిన పరిహారం అడగడం కష్టమవుతుంది. ఇది మీకు దాచకుండా చెప్పాలి. అయినా మీ చేతులు ఖాళీ కావు. ఓనర్ ఇచ్చింది ఆయన హక్కును, మీ అద్దె హక్కును కాదు. ఆస్తి చేతులు మారినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దు కాదు, కొత్త యజమాని పాత యజమాని స్థానంలోకి వస్తాడు. మిమ్మల్ని ఖాళీ చేయించాలంటే చట్టప్రకారం నోటీసు, అవసరమైతే కోర్టు ఉత్తర్వు ఉండాలి. రాత్రికి రాత్రి జేసీబీ తెచ్చే అధికారం ఎవరికీ లేదు. అందుకని ఈ వారంలోనే మున్సిపల్ కమిషనర్‌కు, ఓనర్‌కు రిజిస్టర్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. ‘నేను ఇన్నేళ్లుగా అద్దెదారును, నా సమ్మతి లేదు, నోటీసు ఇచ్చి నా మాట విన్న తర్వాతే ముందుకు వెళ్లండి’ అంటే చాలు. ఓనర్‌కు రాసేదాంట్లో మీరిచ్చిన అడ్వాన్స్ ఎంతో రాసి, తిరిగి కట్టిన మడిగెలో చోటు ఇస్తాడో లేదో అడగండి. ఒప్పుకుంటే స్టాంపు కాగితం మీద రాయించుకోండి.

ఇక మీ అత్తమ్మ. నిజానికి ఆమెకు మీకన్నా సూటైన చట్టం ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు, వేరేచోటికి మార్చకూడదు. మార్చాలంటే టౌన్ వెండింగ్ కమిటీ సిఫారసు కావాలి, ముప్ఫై రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ కమిటీలో నూటికి కనీసం నలభై మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. మీ ఊళ్లో ఈ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఈ బజారు గురించి ఏమని రాసింది అని అడగండి. ఇంకొకటి, యాభై ఏళ్లకు పైగా వీధి వ్యాపారం నడుస్తున్న బజారును వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలని, అక్కడివాళ్లను కదపకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. అత్తమ్మ ముప్ఫై ఏళ్ల నుంచి కూర్చుంటే, ఆమెకంటే ముందు అక్కడ ఎవరు కూర్చునేవారో బజారు పెద్దలను అడిగి రాయించండి.

ఆమె దగ్గర కాగితాలేవీ లేవని అనుకోకండి. ఏళ్లుగా కట్టిన తైబజార్ (బజార్లో అమ్ముకున్నందుకు మున్సిపాలిటీ వసూలు చేసే రుసుం) రసీదులు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్లు సర్వే చేసి ఇచ్చిన గుర్తింపు కార్డు, 2020లో మొదలైన స్వనిధి పథకం కింద బ్యాంకులో తీసుకున్న పది వేల లోను కాగితం, ఇవన్నీ ఆమె అక్కడే అమ్ముతోందనడానికి సాక్ష్యాలు. రసీదులు వెలిసిపోయి ఉంటే ఇవాళే జిరాక్స్ తీయించండి. తూకం, గంపలు మున్సిపాలిటీవాళ్లు జప్తు చేసి పట్టుకుపోతే, ఆమె అడిగిన రెండు పని దినాల్లో తిరిగి ఇవ్వాలి. పూల లాంటి చెడిపోయే సరుకు అడిగిన రోజే ఇవ్వాలి.

కొత్త కాంప్లెక్స్‌లో మీకు షాపు ఇస్తామని ఎవరైనా నోటిమాట ఇస్తే నమ్మి ఊరుకోకండి. మున్సిపల్ షాపులు వేలం పాటలో ఇస్తారు. గుడ్‌విల్ (షాపు దక్కించుకోవడానికి అద్దె కాక ముందుగా కట్టే మొత్తం) పాట మొదలయ్యాక చిన్న వ్యాపారి నిలబడలేడు. బజారులో చోటు పోయినవాళ్లకు మొదటి అవకాశం ఇస్తూ తీర్మానం చేయమని, దానికి ప్రభుత్వ అనుమతి తెప్పించమని మీరంతా కలిసి రాతపూర్వకంగా అడగండి. పాట ప్రకటన రాకముందే ఇది జరగాలి.

ప్రాజెక్టుల గురించి నా అభిప్రాయం కూడా చెబుతాను. పాత బజార్ల మీద ప్రజల సొమ్ము పెట్టడం మంచి పని. వానకు మోరీ పొంగి దుకాణాల్లోకి నీళ్లు రావడం, అంబులెన్స్ దూరలేకపోవడం ఎవరికీ ఇష్టం కాదు. కానీ అంచనాల్లో స్తంభానికి, టైల్స్‌కు, మొక్కలకు పద్దులు రాసేటప్పుడే, చోటు పోయే వ్యాపారులకు తాత్కాలిక షెడ్లకు, సామాను తరలింపుకు ఒక పద్దు రాయడం కష్టమేమీ కాదు. అది లేని అంచనా అసంపూర్తి అంచనా. మీరు సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ప్రాజెక్టు నివేదిక, మాస్టర్ ప్లాన్‌లో మీ రోడ్డుకు చూపిన వెడల్పు, కౌన్సిల్ తీర్మానం, మీ మడిగె కొలతల కాగితం అడగండి. ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి. మాస్టర్ ప్లాన్‌లో ఒక వెడల్పు, గోడ మీద ఇంకో వెడల్పు ఉంటే అదే మీకు బలమైన ఆధారం.

ఇవేవీ లెక్కచేయకుండా కూల్చడానికి వస్తే హైకోర్టులో రిట్ వేయవచ్చు. ప్రాజెక్టు మొత్తం ఆపమని అడిగితే కోర్టు సాధారణంగా ఒప్పుకోదు. నోటీసు, విచారణ, పరిహారం లేకుండా నన్ను కదపవద్దని అడిగితే వింటుంది. లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడకండి. న్యాయ సేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. నల్లగొండ జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు మీరూ అత్తమ్మా కలిసి వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు అద్దె రసీదులు, ట్రేడ్ లైసెన్స్, కరెంటు బిల్లులు, తైబజార్ రసీదులు, సంతకం పెట్టమన్న కాగితం జిరాక్స్, ఎర్ర గీత కనిపించేలా తీసిన ఫోటోలు పట్టుకెళ్లండి. ఫోటోలో షట్టర్, మోరీ, రోడ్డు మూడూ ఒకేసారి కనపడాలి. పదిహేను రోజుల గడువు చెప్పిన తేదీని, చెప్పిన మనిషి హోదాను ఇవాళే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.