కొండ మీద అడ్డదారి తొక్కితే ఏం పోతుంది?

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మిషన్ పీక్ కొండ ఎక్కుతూ, మలుపు దగ్గర ట్రయల్ (నడిచేందుకు వేసిన దారి) వదిలేసి గడ్డిలోంచి నేరుగా పైకి వెళ్ళబోతే వెనకాల ఒకావిడ గట్టిగా కేకేసిందని మీరు రాశారు. నాలుగడుగులు గడ్డి మీద వేస్తే అంత కోపమెందుకని అడిగారు. ఆ కొండ మీద నేనూ రెండేళ్ళు అడ్డదారులే తొక్కాను. ఇప్పుడు మాత్రం ఆవిడ వైపే ఉన్నాను.

కొండ ఎత్తు 2,517 అడుగులు. స్టాన్‌ఫోర్డ్ అవెన్యూ వైపు నుంచి ఎక్కితే నీడ ఉండదు, ఎండ నెత్తి మీదే. పైన కనిపిస్తున్న చోటికి దారి అటు తిరిగి ఇటు తిరిగి వెళ్తుంటే కాళ్ళు వినవు, ఎవరో అప్పటికే తొక్కిన సన్నని గీత మీదికి వెళ్ళిపోతాయి. మేం నలుగురం ప్రతి ఆదివారం అలాగే వెళ్ళేవాళ్ళం. మహా అయితే రెండు నిమిషాలు కలిసొచ్చేది.

ఒక ఫిబ్రవరిలో వారం రోజులు వాన పడ్డాక ఒక్కణ్ణే వెళ్ళాను. ఆగస్టులో గడ్డి నలిగిన గీతలా ఉన్న చోట కాలువ పారుతోంది. టీ రంగు నీళ్ళు. చేతికర్ర దింపి చూస్తే నా మోకాలి దాకా దిగింది. ఆ నీళ్ళు కింద అసలు దారి మీద పడి, అక్కడి కంకరని కూడా కోసుకుపోతున్నాయి. ఆ గీత మీద నా బూట్లు ఎన్నిసార్లు పడ్డాయో నాకు తెలుసు. అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

ట్రయల్ వేసేవాళ్ళు దాన్ని వాలుకి అడ్డంగా తీసుకెళ్తారు. బయటి అంచు కొంచెం పల్లంగా ఉంచుతారు, వాన నీరు దారి వెంట పారకుండా పక్కకి జారిపోవాలని. మలుపులు ఉన్నది అందుకే. అడ్డదారి నిటారుగా దిగుతుంది, నీళ్ళు వెళ్ళాలనుకునేదీ అటే. కాళ్ళ కింద గడ్డి చస్తుంది, మట్టి గట్టిపడుతుంది, నీరు ఇంకదు. మిగతా పని వాన చేసేస్తుంది. పైగా అక్కడిది బంకమట్టి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం జారుతుంది. 1998లో ఆ కొండ పడమటి వైపు పెద్ద చరియే జారింది. దానికి అడ్డదారులు కారణమని కాదు, ఆ నేల అంత మెత్తనని చెప్తున్నాను.

తర్వాత ఒక శనివారం వాలంటీరుగా వెళ్ళాను. అలాంటి అడ్డదారినే గునపాలతో గుల్ల చేసి, గడ్డి చుట్టలు అడ్డంగా పరిచి, విత్తనాలు జల్లి, పైన ఎండుకొమ్మలు కప్పాం. పన్నెండు మందిమి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చేస్తే నలభై అడుగులైంది. వారం తిరక్కుండా వెళ్ళి చూస్తే కొమ్మలు పక్కకి లాగేసి ఉన్నాయి. మెత్తని మట్టిలో తాజా బూటు గుర్తులు, వాటి పక్కనే ఒక చిన్నపిల్ల అడుగులు. ఆవిడ గొంతులో మీకు వినిపించిన కోపం అలాంటి చోట పుట్టిందే అయ్యుంటుంది.

అన్ని చోట్లా ఒకే లెక్క కాదు. ఉత్త బండ మీద ఎటు నడిచినా పెద్దగా ఏం కాదు. యూటాలో ఆర్చెస్ నేషనల్ పార్క్ లాంటి చోట్ల మాత్రం ఇసుక మీద నల్లగా, గరుకుగా కనిపించే పొరకి ప్రాణం ఉంటుంది. ఒక్క అడుగు చాలు, అది మళ్ళీ కుదురుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. దారిలో బురద ఉంటే మధ్యలోంచే నడవండి, బూట్లు కడుక్కోవచ్చు. పక్కనుంచి తప్పుకుంటూ పోతే దారి ఏడాదికేడాదికి వెడల్పవుతుంది. దెబ్బ తగిలో, పిడుగులు పడుతున్నాయనో ఎవరైనా దారి వదిలి పరిగెడితే ఎవరూ ఏమీ అనరు.

నేను కేకలు వెయ్యను. "ఆ దారి మూసేశారండీ, గడ్డి మొలవాలని" అంటాను. మనవాళ్ళని తెలిస్తే తెలుగులోనే చెప్తాను. చాలామంది ఇటు వచ్చేస్తారు.

కిందటేడు మా అమ్మ వచ్చింది. అలిపిరి మెట్లు మెట్టు మెట్టుకీ పసుపూ కుంకుమా పెడుతూ ఎక్కిన మనిషి. మేం పనిచేసిన చోట ఇప్పుడు తీగ కంచె ఉంది. అమ్మ దాన్ని పట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ, లోపల జానెడు లేచిన పచ్చికని చూసి, "ఇక్కడ నారు పోశార్రా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను.