బండి బాగోగులు: ఇంజను అరుస్తుంది, బండి లాగదు

ప్రశ్న: మాది డబుల్ క్యాబ్ ఆటోమేటిక్ పికప్. నాలుగు గేర్ల పాత మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే, రెండు నుంచి మూడో గేరుకు మారే చోట ఇంజను ఒక్కసారిగా రయ్యిమంటుంది, బండి మాత్రం లాగదు. పొద్దున్నే రివర్స్ వేస్తే రెండు మూడు సెకన్లు ఆగి గానీ పట్టుకోదు. ఆటోనగర్‌లో చూపిస్తే గేరుబాక్సు దించి ఓవర్‌హాలింగ్ చేయాల్సిందే అన్నారు. దించమంటారా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఆయిల్ తగ్గినా వస్తాయి, లోపలి క్లచ్ ప్లేట్లు అరిగినా వస్తాయి. మొదటిది తేల్చడానికి పది నిమిషాలు చాలు.

బండిని ఓ ఇరవై నిమిషాలు తిప్పి, చదునైన చోట ఆపండి. ఇంజను ఆపొద్దు. ఇంజను ఆపి చూస్తే కన్వర్టర్‌లోని (ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేరుబాక్సుకు అందించే భాగం) ఆయిల్ కిందికి దిగి లెవెల్ ఎక్కువగా కనిపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. (కొన్ని కంపెనీల బాక్సులకు ఇంజను ఆపే చూడాలి. మాన్యువల్‌లో ఏముందో ముందు చదవండి.) బ్రేకు తొక్కి లివరును పీ (పార్క్) నుంచి కింది దాకా ఒక్కో చోట రెండు సెకన్లు ఆపుతూ తిప్పి, మళ్ళీ పీలో పెట్టి, డిప్‌స్టిక్ తుడిచి చూడండి. ఆయిల్ హాట్ గుర్తుల మధ్య ఉండాలి. డిప్‌స్టిక్ లేని మోడల్ అయితే బాక్సు పక్కన లెవెల్ ప్లగ్ ఉంటుంది. కంపెనీ చెప్పిన వేడి దగ్గర దాన్ని విప్పితే సన్నని ధారగా కారాలి. ఆ వేడిని స్కానర్‌లో (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) చూడాలి, చేత్తో ముట్టుకుని చెప్పడం కుదరదు.

ఆయిల్ తగ్గితే ఘాట్‌లోనే ఎందుకు జారుతుంది? ఎక్కుడులో ముందు భాగం పైకి లేచి, ఆయిలంతా పాన్‌లో (బాక్సు అడుగున ఉండే ఆయిల్ తొట్టి) వెనక్కి పోతుంది. ఫిల్టర్ నోటికి ఆయిలుకు బదులు గాలి అందుతుంది. గాలి కలిసిన ఆయిల్ నురగ కడుతుంది, ప్రెషర్ పడిపోతుంది, క్లచ్ ప్యాక్ (క్లచ్ ప్లేట్ల దొంతర) గట్టిగా పట్టదు. లెవెల్ మించినా ఇదే గొడవ. తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. అందుకే ‘కొంచెం ఎక్కువే పోయండి’ అనే మాట వినకండి.

తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్న మాట. ఆటోమేటిక్ బాక్సు ఇంజన్‌లా ఆయిల్ తాగదు. మన విశాఖలో ముందు చూడాల్సినవి రేడియేటర్ దాకా వెళ్ళే ఇనుప గొట్టాలు. సముద్రపు గాలికి అవి క్లాంపుల కింద తుప్పు పట్టి చెమరుస్తాయి. ఆ తర్వాత పాన్ గ్యాస్కెట్, వెనక షాఫ్ట్ సీలు.

లెవెల్ సరిగ్గా ఉంటే, ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద ఓ చుక్క వేసి చూడండి. ఎర్రగానో లేత గోధుమ రంగులోనో ఉండి వాసన లేకపోతే ఆశ ఉంది. నల్లబడి మాడు వాసన కొడితే ప్లేట్ల మీది రాపిడి పొర కాలిందని అర్థం. పాలు కలిపిన టీలా ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ పగిలి నీళ్ళు కలిశాయి. అప్పుడు బండి నడపొద్దు. నీళ్ళు తగిలితే ప్లేట్ల మీది కాగితపు పొర అంటు వదిలేస్తుంది.

తర్వాత స్కానర్. పీ0730 నుంచి పీ0734 దాకా ఏ కోడ్ వచ్చినా, గేరు నిష్పత్తి కుదరడం లేదని, అంటే నిజంగానే జారుతోందని కంప్యూటర్ చెబుతున్నట్టు. పీ0700 ఒక్కటే వస్తే అది కబురు మాత్రమే. గేరుబాక్సు కంప్యూటర్‌లోకి వెళ్ళి అసలు కోడ్ చదవాలి. బండి ఒకే గేరులో ఇరుక్కుని బరువుగా కదులుతుంటే అది జారడం కాదు, లింప్ మోడ్. అంటే లోపం కనబడి, బాక్సును కాపాడటానికి కంప్యూటరే ఒక గేరులో నిలిపేసిందన్న మాట. దానికి సొలెనాయిడ్ (ఆయిల్ దారిని కరెంటుతో తెరిచి మూసే వాల్వు), వైరింగ్, సెన్సర్ చూడాలి. కంప్యూటర్ లేని మరీ పాత బాక్సు అయితే యాక్సిలరేటర్ నుంచి గేరుబాక్సుకు వెళ్ళే కేబుల్ వదులైందేమో చూడండి. అది వదులైతే లోపలి ప్రెషర్ తగ్గి, బరువు మీద జారుతుంది. సర్దుబాటుతో పోయే రోగం అది.

ఇక మీ బండిలో నన్ను ఆలోచింపజేసేది ఒకటుంది. నాలుగు గేర్ల బాక్సులు చాలావాటిలో మూడో గేరుకూ రివర్స్‌కూ ఒకే క్లచ్ ప్యాక్ పనిచేస్తుంది. మీకు సరిగ్గా ఆ రెండు చోట్లే తేడా వస్తోంది. ఆయిల్ లెవెల్ సరిగ్గా ఉన్నా ఇదే కొనసాగితే అనుమానం ఆ ప్యాక్ పిస్టన్ సీళ్ళ మీద. రబ్బరు గట్టిపడితే చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ కారిపోతుంది, పొద్దుటి ఆలస్యం అందుకే. దీన్ని గేజితో తేల్చుకోవచ్చు. బాక్సుకున్న టెస్ట్ పోర్టులో ప్రెషర్ గేజి పెట్టించి అన్ని గేర్లలో చూడమనండి. అన్నిట్లో తక్కువైతే పంపు, ఫిల్టర్, రెగ్యులేటర్ వాల్వు. మెయిన్ ప్రెషర్ అంతటా బాగుండి ఆ ప్యాక్ వాడే గేర్లలోనే జారితే, లేదా అక్కడే ప్రెషర్ పడిపోతే, ఆ ప్యాక్ సీళ్ళు, ప్లేట్లు. అప్పుడు దించాల్సిందే, మెకానిక్ మాట నిజమే.

గేజి పెట్టకముందు పాన్ విప్పించండి. అయస్కాంతం మీద సన్నని బూడిద రంగు ముద్ద సహజం. మెరిసే రజను, నల్లటి పెచ్చులు ఉంటే ఆయిల్ మీద డబ్బు తగలేయకండి. అవి లేకపోతే ఫిల్టర్, గ్యాస్కెట్, ఆయిల్ మార్చండి. పాన్ నుంచి దిగేది మొత్తంలో సగం లోపే, తక్కినది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. దిగింది కొలిచి అంతే పోయండి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి మార్చితే ఎక్కువ భాగం కొత్తదవుతుంది. మాన్యువల్‌లో రాసిన గ్రేడే వాడాలి. ‘అన్నిటికీ పనికొస్తుంది’ అని అమ్మేది వద్దు. రాపిడి గుణం మారితే కొత్త ఆయిల్‌తోనే జారడం మొదలవుతుంది. ‘కొత్త ఆయిల్ పోస్తే పాత బాక్సు పోతుంది’ అంటారు గానీ, అప్పటికే అరిగిన బాక్సే పోతుంది.

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్ నుంచి పాడేరుకు చేపల లోడు వేస్తాం. పాత డీజిల్ పికప్, మామూలు గేర్లు, హైడ్రాలిక్ క్లచ్. క్లచ్ ప్లేటు మార్చి ఏడాది కాలేదు, ఘాట్‌లో మళ్ళీ జారుతోంది. ప్లేటు నాసిరకమా?
– ఒక పాఠకుడు, వన్ టౌన్

జవాబు: కావచ్చు గానీ, ముందు ప్లేటును తిట్టకండి. ఏడాదిలోపే మళ్ళీ జారితే కారణం చాలాసార్లు దాని చుట్టూనే ఉంటుంది.

జారుతోందని రూఢి చేసుకోవడానికి: ఖాళీ బండి, చదును నేల, హ్యాండ్‌బ్రేకు, చక్రాలకు అడ్డం. ముందు ఎవరూ ఉండకూడదు. నాలుగో గేరు వేసి, ఇంజను కొంచెం రేజ్ చేసి, క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టే. ఒకసారి చాలు, పదేపదే చేస్తే బాగున్న ప్లేటూ కాలుతుంది.

తర్వాత పెడల్ ఫ్రీ ప్లే. చేత్తో నొక్కితే మొదట కొద్దిగా తేలిగ్గా కదలాలి. అది లేకపోతే రిలీజ్ బేరింగ్ (క్లచ్‌ను విడదీసేది) ఎప్పుడూ ప్రెషర్ ప్లేటును (క్లచ్ ప్లేటును అదిమి పట్టేది) నొక్కే ఉంటుంది, క్లచ్ పూర్తిగా పట్టదు. ఇంకోటి: జారుడు కనబడగానే బండి ఆపి, స్లేవ్ సిలిండర్ (గేరుబాక్సు దగ్గర క్లచ్‌ను కదిపేది) బ్లీడింగ్ నిపిల్ ఒక్క క్షణం వదులు చేసి బిగించండి. దాంతో పట్టు వచ్చిందంటే క్లచ్ ప్లేటు నిర్దోషి. మాస్టర్ సిలిండర్ (పెడల్ దగ్గరిది) రంధ్రం మూసుకుపోయో, రబ్బరు హోసు లోపల ఉబ్బిపోయో ఫ్లూయిడ్ వెనక్కి రావడం లేదు.

మీ బండికి ఇంకో గండం ఉంది. చేపల పెట్టెల నుంచి ఐసు కరిగి ఉప్పునీళ్ళు కింద కారుతూనే ఉంటాయి. స్లేవ్ సిలిండర్ రబ్బరు చిరిగితే ఆ నీళ్ళు లోపలికి వెళ్ళి పిస్టన్ బిగుసుకుంటుంది. రిలీజ్ ఫోర్క్ ఇరుసు కూడా తుప్పు పడుతుంది. అలా అయితే పెడల్ వదిలినా క్లచ్ పూర్తిగా వెనక్కి రాదు. వెనక తలుపు కింద కాలువ పెట్టించి నీళ్ళు గేరుబాక్సు మీద పడకుండా చూడండి.

ఇవేవీ కాకపోతే గేరుబాక్సు దించాలి. దించాక ముందు చూడాల్సింది ఆయిల్ మరక. క్రాంక్ వెనక సీలో, గేరుబాక్సు ముందు సీలో కారి ప్లేటు తడిస్తే ఎన్ని ప్లేట్లు మార్చినా అంతే. తడిసిన ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్ళీ వేయడం పనికిమాలిన పొదుపు. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, పగుళ్ళు ఉంటే లేత్ మీద తిప్పించండి లేదా మార్చండి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. స్ప్లైన్లకు (ప్లేటు కూర్చునే షాఫ్ట్ మీది పళ్ళు) గ్రీజు పూతలా మాత్రమే. ఎక్కువైతే విసిరికొట్టి ప్లేటు మీదే పడుతుంది.

లోడు లెక్కలో ఐసును కూడా కలపండి. పెట్టెలు లెక్కపెట్టి ఐసు మరిచిపోతే ఆర్.సి.లో ఉన్న బరువు ఇట్టే దాటిపోతుంది.

ప్రశ్న: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: కాదండీ. కామన్ రైల్ ఇంజన్లలో (కంప్యూటర్ లెక్కతో డీజిల్ చిమ్మేవి) గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ ఇంజెక్షనే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఐడిల్ కోసం డీజిల్ కాలుతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఎక్కడానికి ఏ గేరు కావాల్సి వచ్చిందో అదే గేరులో దిగండి. ఆటోమేటిక్ అయితే 2లోనో ఎల్‌లోనో పెట్టండి.