ఎర్రపిల్లల గుంపు, దాని కింద కొర్రమట్ట

ప్రశ్న: మా చెరువులో తూటికాడల మధ్య ఎర్రటి చేపపిల్లల గుంపు ఒకటి నీటిపైన తిరుగుతోంది. పక్కాయన అందులోకి కప్పపిల్లను గుచ్చిన గాలం విసరగానే పెద్ద కొర్రమట్ట విరుచుకుపడింది. అది పిల్లల్ని తినడానికే అక్కడ కాచుకుని ఉందని ఆయన అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, మెదక్ జిల్లా

జవాబు: కాదండీ, అది ఆ పిల్లల తల్లో తండ్రో అయి ఉంటుంది. కోస్తావారు కొర్రమీను అని పిలిచే ఈ చేప, వానలకు చెరువు అంచున గడ్డి మునిగాక, జంటగా నాచునూ మొక్కలనూ పక్కకు తోసి ఒక ఖాళీ జాగా చేసుకుంటుంది. అక్కడ పెట్టిన గుడ్లు నూనెబొట్టు వల్ల పసుపు మీగడలాగా పైకి తేలుతాయి. అవి ఒకటి రెండు రోజుల్లో పొదిగాక ఆ పిల్లలే మీరు చూసిన ఎర్రగుంపు అవుతాయి. దగ్గరికొచ్చిన కప్పనైనా పామునైనా కాపలాకాసే చేప తరుముతుంది కనుక, పక్కాయన ఎరను అది ఆకలితో కాక కోపంతో కరిచిందని అనుకోవడమే సబబు. పిల్లలు మాత్రం పెరిగే కొద్దీ ఒకదాన్నొకటి మింగుతాయి. పెంపకందారులు సైజుల వారీగా వేరు చేసేది అందుకే.

కొర్రమట్టకు మొప్పలొక్కటే చాలవు. తలలో మొప్పల పైనున్న గదిలోకి గాలి నింపుకోవడానికి తరచూ పైకి రావాలి, రానివ్వకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. కాసిన్ని నీళ్ళున్న తొట్టిలో బతికుండగానే బజారులో అమ్మగలిగేది ఈ గుణం వల్లే. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో చేపమందుకు వాడేదీ దీని పిల్లలనే. (ఆ మందు పనిచేస్తుందా అన్నది వేరే చర్చ.)

గాలం వేసేవారికి దొరికే ఆనవాలు కూడా అది గాలికోసం పైకి రావడమే. పొద్దున్నే గట్టు మీద కదలకుండా కూర్చుంటే, ఎక్కడో 'గుళుక్' మని చిన్న చప్పుడై నీటిలో వలయం లేస్తుంది. దానికి రెండు మూడు బారల అవతలికి గాలం విసిరి, ఎరను ఆకుల మీదుగా నెమ్మదిగా లాక్కురావాలి. కరిచిన వెంటనే గుంజకండి, ఎర పూర్తిగా నోట్లోకి వెళ్ళనివ్వండి. ఆ తర్వాత మాత్రం అది కాడల్లో చుట్టుకోకముందే గట్టుకు లాగేయాలి.

ఎర్రగుంపు మీదికి గాలం విసరడాన్ని నేను వేటగా ఒప్పుకోను. కాపలా పోయిన పిల్లలు నీరుకట్టు పాములకూ లకుముకి పిట్టలకూ సులువుగా దొరికిపోతాయి. పొరపాటున తగులుకుంటే, తడి చేత్తో పట్టుకుని పటకారుతో ముల్లు తీసి, ఆ గుంపు ఉన్నచోటే వదిలేయండి; గాలి పీల్చే చేప కనుక ఆ కాసేపటికి తట్టుకుంటుంది.