సన్మానం పెట్టే ముందు

చిరంజీవి బాబుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

జులై 26న, కార్గిల్ విజయ్ దివస్ రోజు, మీ కాలనీలో వీరనారులకు, అంటే సైన్యంలో భర్తను పోగొట్టుకున్న మాలాంటి వాళ్లకు, సన్మానం పెట్టుకున్నామని, ఎలా చేయాలో చెప్పమని అడిగావు. ఫోన్లో అన్నీ గుర్తురావు, అందుకే రాస్తున్నా.

ముందు ఎవరి భర్త ఎక్కడ, ఏ ఏడు పోయాడో అడిగి రాసుకో. మీ పెదనాన్న పోయింది శ్రీలంకలో, శాంతి సేనలో, 1988లో. ఓసారి సికింద్రాబాద్‌లో సభకు పిలిచి నన్ను "కార్గిల్ అమరవీరుడి సతీమణి" అని చదివారు. కాదని చెబుదామని లేచేలోపే శాలువా కప్పేశారు. కార్గిల్ యుద్ధం 1999లో. అప్పటికే నేను పదకొండేళ్లుగా పెన్షన్ తెచ్చుకుంటున్నా! మెమెంటో మీదా కార్గిలే. బీరువా మీద బోర్లా పెట్టేశాను.

ఇక బొట్టు సంగతి. గుమ్మం దగ్గర ఆడపిల్ల కుంకుమ భరిణె పట్టుకుని నిలబడుతుంది. మా ముందుకు రాగానే చెయ్యి ఆగిపోతుంది, వెనక్కి తిరిగి వాళ్లమ్మ వంక చూస్తుంది. ఎందుకొచ్చానా అనిపించడానికి ఆ చూపు చాలు. అందరికీ పెట్టమని ముందే చెప్పు. వద్దనుకున్నవాళ్లు వాళ్లే వద్దంటారు.

మైకిచ్చి "ఆ వార్త ఎలా తెలిసిందమ్మా" అని మాత్రం అడగనివ్వకు. జనం ముందు ఏడిపించడం సన్మానమా? ఆయన ఏం ఇష్టంగా తినేవారు, సెలవులకొస్తే ఏం చేసేవారు అని అడిగితే మేమే నవ్వుతూ చెబుతాం.

అసలు పని పక్క గదిలో పెట్టించు. ఒక టేబుల్, ల్యాప్‌టాప్, ప్రింటర్, ఓపికున్న కుర్రాళ్లు ఇద్దరు. పెన్షన్ ఇప్పుడు స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ పద్ధతిలో వస్తోంది, ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆధార్‌లో ఒక పేరు, సైన్యం రికార్డులో ఇంకో పేరు ఉంటే తిప్పలే. మా వయసు వాళ్లకు ఓటీపీ అంటేనే టెన్షన్. యుద్ధంలో పోయినవాళ్ల భార్యలకు లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ ఉంది, అంటే ఆఖరి జీతమంత. మామూలు ఫ్యామిలీ పెన్షన్ అందులో 30 శాతమే. ఎవరికి ఏది వస్తోందో పీపీఓ, అంటే పెన్షన్ మంజూరు కాగితం, తీసి చూడండి. తేడా కనిపిస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్లండి, రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు అర్జీ రాసిపెట్టండి. మీ పెదనాన్నది మద్రాస్ రెజిమెంట్ కాబట్టి నేను వెల్లింగ్టన్‌కి రాసుకునేదాన్ని. ఒక్కో జవాబుకి నెలలు పట్టేది.

కల్నల్ సంతోష్ బాబు గారు గల్వాన్‌లో పోయాక, 2020లోనే ఆయన భార్యకు మన ప్రభుత్వం డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. చాలా మంచి పని. పేపర్లో పేరు పడని సిపాయి భార్య మీ వీధిలోనే ఉండొచ్చు, ఆమెను వెతుకు. డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి మళ్లీ ఆమె తలుపు తట్టి, ఆ అర్జీ ఎందాకా వచ్చిందో అడుగు.

నేరేడ్‌మెట్ నుంచి నన్ను తీసుకెళ్లడానికి కారు పంపు, మోకాళ్లు ఆటో ఎక్కనివ్వడం లేదు. శాలువాలు మాత్రం కొనకు. నా దగ్గర తొమ్మిదున్నాయి, కావాలంటే అవే తెస్తాను.

మీ పెద్దమ్మ