నల్గొండలో కొత్త కాపురానికి పాత సామాను: ఏది కొనొచ్చు, ఏది వద్దు?

నల్గొండలో అద్దె ఇంట్లో దిగుతున్నాం, తక్కువ ఖర్చులో సెకండ్ హ్యాండ్ సామాను ఏది కొనొచ్చు అని అడిగారు.

చెక్క, ఇనుము ధైర్యంగా కొనండి. పాత టేకు మంచానికి పాలిష్ పెడితే కొత్తదానిలా ఉంటుంది. ముందు కాళ్ల అడుగున చూడండి: మట్టి గీతలుంటే చెదలు, సన్నటి పొడి రాలుతుంటే పురుగు. పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) అల్మారా మాత్రం చవగ్గా ఇచ్చినా వద్దు. తడి తగిలితే ఉబ్బుతుంది, ఒకసారి విప్పితే మళ్లీ స్క్రూ గట్టిగా పట్టదు.

పరుపు ఊరికే ఇచ్చినా తీసుకోకండి. నల్లులు వచ్చాయంటే వదిలించుకోవడం మహా కష్టం.

మన దగ్గర చాలాచోట్ల బోరునీళ్లు ఉప్పు. గీజర్ ఎలిమెంట్ మీద సున్నంలా తెల్లటి పొర కడుతుంది. వాడిన గీజర్‌లో అదెంత మందంగా ఉందో బయటికి కనపడదు, కాబట్టి కొత్తదే నయం. ఫ్రిజ్ అయితే ప్లగ్ పెట్టించి, చల్లబడుతుందో లేదో గంటసేపు ఆగి చూడండి. కరెంటు ఎంత ఆదా అవుతుందో చెప్పే స్టార్ లేబుల్ మీద సంవత్సరం కూడా చదవండి, ఎందుకంటే పాత 5 స్టార్లు ఇప్పటి 5 స్టార్లతో సమానం కాదు.

ట్రాలీ ఆటో కిరాయి, మోసేవాళ్ల కూలి కలిపి చూసుకున్నాకే బేరం ఖాయం చేయండి. హైదరాబాద్ నుంచి చవగ్గా తెచ్చామని మేం మురిసిపోయిన సోఫాకు, కిరాయే దాదాపు సోఫా ధరంత అయింది.