కార్టూన్ సినిమాకు దర్శకుడు: ముగ్గురిలో ఎవరు?

ఒక కార్టూన్‌ను నిజం నటులతో సినిమాగా తీయడానికి ముగ్గురు దర్శకులను లిస్టు చేసుకుని, ఎవరిని ఎంచుకోవాలా అని ఆలోచిస్తున్నారు. అది తేలకపోవడానికి కారణం, మీరు వాళ్ల హిట్లు లెక్కపెడుతున్నారు. ముగ్గురికీ హిట్లున్నాయి, ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

1. ఆ కార్టూన్ దేనివల్ల జనానికి నచ్చిందో ఒక్క వాక్యంలో రాసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. ముగ్గురికీ ఒకే సీన్ ఇచ్చి స్టోరీబోర్డు, అంటే షాట్ల వారీగా గీసిన బొమ్మలు, అడగండి. ఫైట్ వద్దు, నవ్వించే సీన్ ఇవ్వండి.
కార్టూన్‌లో పాత్ర కొండ అంచు దాటి గాల్లో ఆగుతుంది, కిందికి చూస్తుంది, అప్పుడు పడుతుంది. నిజం మనిషికి బరువుంటుంది, అలా ఆగలేడు. మరి ఆ క్షణాన్ని దేంతో పట్టుకుంటారు? నటుడి కళ్లతోనా, ఎడిటింగ్‌తోనా, శబ్దంతోనా? "అది గ్రాఫిక్స్ వాళ్లు చూసుకుంటారు" అన్నవాళ్ల పేరు మొహమాటం లేకుండా కొట్టేయండి.

3. కథలో ఏం వదిలేస్తారో అడగండి. 2010లో నటులతో తీసిన ‘ది లాస్ట్ ఎయిర్‌బెండర్’, ఒక కార్టూన్ సీరియల్‌లోని 20 ఎపిసోడ్ల మొదటి సీజన్‌ను ఒక్క సినిమాలో కుక్కేసింది. కార్టూన్‌లోని సరదా అంతా పోయింది, నాకిప్పటికీ బాధే.

కార్టూన్ తీసినవాళ్లనూ లిస్టులో చేర్చండి. 2010 నాటి యానిమేషన్ ‘హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్’ దర్శకుల్లో ఒకరైన డీన్ డెబ్లాయే 2025లో దాన్ని నటులతో తీశారు.