అష్టాచెమ్మా నేర్పబోతే ‘బోర్ మమ్మీ’ అంటున్నాడు

ప్రశ్న: చిన్నప్పుడు సెలవులిస్తే చాలు, బొబ్బిలి దగ్గర మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళిపోయేదాన్ని. మధ్యాహ్నం ఎండలో బయటికి పోనిచ్చేవారు కాదు. సావిట్లో గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసుకుని సాయంత్రం టీలు పెట్టేదాకా అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. అదే మా బాబుకి (ఎనిమిదేళ్ళు) నేర్పుదామని గుడ్డ మీద అచ్చేసిన బోర్డు, గవ్వలు ఆన్‌లైన్లో తెప్పించాను. రెండు రోజులు ఆడాడు. మూడోరోజు ‘బోర్ మమ్మీ’ అని ఫోన్ పట్టుకున్నాడు. పైగా వాడి కాయని చంపితే ఏడుపు. ‘నీ సరదా వాడి మీదెందుకు రుద్దుతావు’ అంటారు మావారు. బలవంతం చెయ్యనా, వదిలెయ్యనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: బలవంతం వద్దమ్మా, అలాగని వదిలెయ్యనూ వద్దు. ముందు ఒకటి చెప్పండి, కాయ గళ్ళలోకి దిగాలంటే అష్టా (ఎనిమిది) గానీ చెమ్మా (నాలుగు) గానీ పడాల్సిందే అని రూలు పెట్టారా? పెట్టే ఉంటారు, చాలా ఇళ్ళల్లో అదే రూలు. లెక్క చూడండి. నాలుగు గవ్వలు వేస్తే 16 రకాలుగా పడొచ్చు. అందులో నాలుగూ వెల్లకిలా పడి చెమ్మా అయ్యేది ఒక్కటి, నాలుగూ బోర్లా పడి అష్టా అయ్యేది ఇంకొక్కటి. అంటే ఇంచుమించు ఎనిమిదిసార్లు వేస్తే ఒకసారి. అప్పటిదాకా పిల్లాడు రెండనో మూడనో వేసి, గవ్వలు మీ చేతికిచ్చి కూర్చోవాలి. మీ రోజుల్లో చుట్టూ అరడజను మంది పిల్లలు, గోల, తొండి ఆటలు, కాయ దిగకపోయినా కాలక్షేపానికి లోటు లేదు. ఇప్పుడు వాడికి ఎదురుగా ఉన్నది మీరొక్కరే, అదీ మధ్యమధ్యలో లేచి కుక్కర్ ఆపి వచ్చే మీరు. నాకైనా బోరే.

ఆ రూలు తీసెయ్యండి, ఎంత పడితే అంతతో దిగనివ్వండి. కాయలు కూడా నాలుగొద్దు, రెండు చాలు. ఒక కాయ పండాలంటే బయటి వరసలో, లోపలి వరసలో తిరిగి నడిగడికి చేరేసరికి 24 అడుగులు. నాలుగు కాయలకి 96. సగటున పందేనికి, అంటే గవ్వలు ఒకసారి వేస్తే, రెండున్నర పడుతుంది, కాబట్టి ఎవరూ చంపకపోయినా ఇంచుమించు నలభై పందేలు కావాలి. ఎనిమిదేళ్ళవాడికి అది పెద్ద జాతరే. రెండు కాయలైతే సగానికి సగం తగ్గిపోతుంది, ఓడినా ‘ఇంకో ఆట’ అనే ఓపిక మిగుల్తుంది.

ఇంక ఆ గుడ్డ బోర్డు సంగతి. మీ గళ్ళు మీరే గీసుకున్నారు, వాడికి మాత్రం గీసి ఉన్నవి కొనిచ్చారు. అసలు మజా అక్కడే పోయింది. గవ్వలు కూడా పక్కన పెట్టి, వంటింట్లోంచి నాలుగు చింతపిక్కలు తెచ్చివ్వండి. మెట్టు మీదో డాబా మీద గరుకు గచ్చు మీదో, ఒకవైపు తెల్లగా వచ్చేదాకా వాణ్ణే అరగదియ్యమనండి. పొడిగానే రుద్దాలి, తడి తగిలితే తమాషా పోతుంది. గట్టిగా రుద్దితే పిక్క వేడెక్కుతుంది కదా, అది పట్టుకెళ్ళి వాళ్ళ నాన్న చేతి మీద చటుక్కున అంటించమని మీరే చెవిలో చెప్పండి. ఆ చురకతో మీవారు కూడా ఆటలోకి వచ్చేస్తారు! (మీ ఊళ్ళోనూ ఈ వెధవపని చేసే ఉంటారు, చెయ్యలేదని మాత్రం చెప్పకండి.) పలాస చుట్టాలు తెచ్చిన జీడిపిక్కలుంటే వాటిని మాత్రం రుద్దనివ్వకండి, పచ్చి పిక్క పెంకులోని జీడి తగిలితే చర్మం పొక్కిపోతుంది.

నేనేదో గొప్పగా నేర్పేశానని అనుకోకండి. మాది సోంపేట వైపు. మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు నేనూ మీలాగే ప్రయత్నించి భంగపడ్డాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి కరెంటు స్తంభాలు పడిపోయాక, రోజుల తరబడి టీవీ లేదు, ఫోన్లో ఛార్జింగ్ లేదు. కొవ్వొత్తి వెలుగులో బొగ్గుముక్కతో మా అమ్మాయే గచ్చు మీద అయిదు గళ్ళకి అయిదు గళ్ళు గీసింది, వంకరటింకరగా. మా అమ్మ పక్కన కూర్చుని తొండి చేసింది, అవును, మా అమ్మే. దానికి ఆట నచ్చింది మామ్మని పట్టుకోవడంలోనే. కరెంటు వచ్చిన రోజు కాయలు అక్కడే వదిలేసి టీవీకి పరిగెత్తింది, నిజం చెప్పాలి కదా. కానీ ఇప్పటికీ వాన పట్టిందంటే అడుగుతుంది.

ఏడుపు గురించి: అది కూడా మా ఇంట్లో జరిగిందే. ‘చచ్చింది’ అనడం మానేశాం. ఎవరి కాయ దెబ్బతిన్నా ‘కొట్టుకెళ్ళింది, వచ్చేస్తుంది’ అనాలని మా అమ్మాయే రూలు పెట్టింది. ఏం తేవడానికి వెళ్ళిందో కూడా చెప్పాలి. ఒకరోజు నా కాయ ఉప్పు తేవడానికి నాలుగుసార్లు వెళ్ళింది. మీరు మాత్రం వాణ్ణి ఊరుకోబెట్టడానికి కావాలని ఓడిపోకండి, పిల్లలు పసిగట్టేస్తారు, ఆ తర్వాత గెలిచినా వాడికి రుచించదు. చంపాల్సి వస్తే చంపండి, ఇంటూ గుర్తున్న గడిలో (అక్కడ కాయని చంపకూడదు) కాయ ఎలా దాచుకోవాలో ఆ వెంటనే చూపించండి.

రోజూ ఆడదామని పిలవకండి. మీవారూ మీరూ ఆడుకుంటూ ఉండండి, వాడే వచ్చి మధ్యలో దూరతాడు. రాకపోయినా మీ ఆట మీరు ఆడుకున్నట్టవుతుంది కదా. గుడ్డ బోర్డు పారెయ్యకండి, రాయగడ వైపు రైలెక్కినప్పుడు బెర్తు మీద గళ్ళు గీయనివ్వరు, అప్పుడు పనికొస్తుంది.